డీజిల్ ఫిల్టర్ బోల్టు దగ్గర చెమ్మ ఆగట్లేదు, ఇంకా బిగించాలా?

మీరు అడిగింది ఇదీ. రాజోలు దగ్గర ఊరు, కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టంలోంచి బాగా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) డీజిల్ కారు, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. డీజిల్ ఫిల్టర్ ఇంట్లోనే మార్చుకున్నారు. మర్నాటి నుంచి పైపు వచ్చి కలిసే బ్యాంజో బోల్టు (లోపల బోలుగా ఉండి డీజిల్ పోనిచ్చే బోల్టు) దగ్గర చెమ్మ. ఇంకో పావు చుట్టు బిగిస్తే ఆగింది, రెండు రోజులకు మళ్ళీ మొదలైంది. ఇంకా బిగించాలా, అసలు ఎంత బిగించాలి, టార్క్ రెంచి (పెట్టుకున్న బిగింపు రాగానే టక్కుమనే స్పానర్) కొనాలా, పనిలో పనిగా ఇంజెక్టర్ (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) పైపుల నట్లు కూడా ఓసారి బిగించేయనా అన్నారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఇంకా బిగించకండి. బోల్టు విప్పి, పైపు కంటికి (బోల్టు దూరే గుండ్రటి చివరకి) రెండు పక్కలా ఉన్న వాషర్లు పారేసి, కొత్తవి వేసి, మీ బండి మాన్యువల్‌లో రాసిన టార్క్‌కి, అంటే బిగింపు కొలతకి, ఒక్కసారి బిగించండి. చాలామటుకు అక్కడితో ఆగిపోతుంది. ఇంజెక్టర్ పైపుల జోలికి మాత్రం వెళ్ళకండి. అక్కడ లీకు కంటికి కనిపిస్తే తప్ప స్పానర్ పెట్టకూడదు, ఇంజన్ తిరుగుతుండగా అసలే పెట్టకూడదు. ఎందుకో కింద రాస్తున్నాను. ఒక మనిషి చెయ్యి పాడైపోవడం దగ్గరుండి చూశాను కాబట్టి ఆ సంగతి కొంచెం గట్టిగానే చెబుతాను.

నాకు పాలకొల్లులో షెడ్డు ఉంది, 27 ఏళ్ళుగా ఇదే పని. మా దగ్గరికి వచ్చే బండ్లలో సగం చెరువుల వాళ్ళవి. గట్ల మీద తిరుగుతాయి, మేత బస్తాలు మోస్తాయి, ఉప్పు గాలికి నిలబడతాయి. వాటిలో ఫ్యూయల్ లీకని వచ్చిన బండికి బోల్టు వదులుగా ఉండటం తక్కువ. అప్పటికే ఎవరో అతిగా బిగించేసి ఉండటమే ఎక్కువ.

మీ బోల్టు పావు చుట్టుకి ఆగి, మళ్ళీ ఎందుకు మొదలైందో చూద్దాం. రాగి వాషర్ మెత్తన. బోల్టు బిగుస్తున్న కొద్దీ అది నలిగి, హౌసింగ్ (ఫిల్టర్‌ని పట్టి ఉంచే భాగం) ముఖం మీద ఉండే సన్నటి గీతల్లోకి ఒదిగిపోతుంది. ఆ ఒదగడమే సీలు. బోల్టు బలం డీజిల్‌ని ఆపడం లేదు, వాషర్‌ని అక్కడ నొక్కి పట్టుకుంటోంది, అంతే. ఒకసారి నలిగిన రాగి గట్టిపడిపోతుంది, రెండోసారి అంత తేలిగ్గా ఒదగదు. మీరు తీసిన పాత వాషర్ మీద గోరు పెట్టి లాగి చూడండి, గుండ్రంగా సన్నటి గట్టు తగులుతుంది. ఆ గట్టు మళ్ళీ అదే చోట కూర్చోదు కదా. పావు చుట్టు తిప్పితే గట్టు ఇంకాస్త నలిగి తాత్కాలికంగా మూసుకుంది. ఇంజన్ వేడెక్కి చల్లారి, నాలుగైదు సార్లు అలా జరిగేసరికి ఆ కాస్త పట్టూ సడలింది. ఇప్పుడు ఇంకో పావు చుట్టు తిప్పినా జరిగేది అదే. కాకపోతే ఈసారి మరలు కూడా లాక్కుపోయే ప్రమాదం ఉంది.

పాత మేస్త్రీలు రాగి వాషర్‌ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మళ్ళీ వాడేవారు. అది తప్పేమీ కాదు, కాలిస్తే రాగి మళ్ళీ మెత్తబడుతుంది, దారిలో బండి ఆగిపోయినప్పుడు నేనూ చేశాను. కానీ పది ఇరవై రూపాయల వాషర్ కోసం ఫ్యూయల్ లైను దగ్గర ఆ పని ఇప్పుడు చేయను. అల్యూమినియం వాషర్లకీ, మధ్యలో రబ్బరు అతికిన వాటికీ అది అసలు పనికిరాదు. కొనేటప్పుడు పాతది పట్టుకెళ్ళి, లోపలి కన్నం, బయటి చుట్టు, మందం మూడూ సరిపోయేది తెచ్చుకోండి. డబ్బాలో దొరికింది ఏదో ఒకటి వేస్తే కన్నం పెద్దదై పక్కకి జరిగి కూర్చుంటుంది, మళ్ళీ చెమ్మే.

విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. బోల్టు చుట్టూ మట్టి, దుమ్ము బ్రష్‌తో దులిపి, శుభ్రంగా తుడిచి అప్పుడు విప్పండి. ఇది చాలామంది పట్టించుకోరు. ఫిల్టర్ దాటి అవతలి పక్క పైపులోకి పోయిన ఇసక రేణువును ఆపడానికి ఇక ఏదీ లేదు, నేరుగా పంపుకీ ఇంజెక్టర్‌కీ పోతుంది. తీసిన పైపు మూతికి శుభ్రమైన పాలిథీన్ కవర్ కట్టండి. గుడ్డ పీలిక కుక్కకండి, దారాలు ఊడతాయి.

తర్వాత సీటు చూడండి. అంటే వాషర్ కూర్చునే హౌసింగ్ ముఖం, పైపు కంటి రెండు ముఖాలు. టార్చి లైటు పక్కవాటుగా కొట్టి చూస్తే గీతలు కనిపిస్తాయి. పాత వాషర్ ముక్క అతుక్కుని ఉండిపోవడం కూడా మామూలే. దాని మీద కొత్త వాషర్ వేసి బిగించిన బండ్లు మా షెడ్డుకి చాలా వచ్చాయి. కింద పాతది ఉందని తెలియక మూడు వాషర్లు వేసినట్టు అవుతుంది.

ఇక ఎంత బిగించాలి అన్న ప్రశ్న. మీ బండికి అంకె మీ బండి సర్వీస్ మాన్యువల్‌లోనే ఉంటుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇంజన్ పేరు, సంవత్సరం చెప్పి అడగండి. ఫోరంలో ఎవరో ఇంకో బండికి చెప్పిన అంకె పట్టుకోకండి. ఒక అందాజా కావాలంటే, మామూలు 8.8 గ్రేడు ఇనప బోల్టు ఇనుములోకి పొడిగా బిగిస్తే ఎం6కి (6 మిల్లీమీటర్ల మర ఉన్న బోల్టు) సుమారు 10 న్యూటన్ మీటర్లు (టార్క్ కొలిచే యూనిట్), ఎం8కి సుమారు 25, ఎం10కి 50 లోపు. అల్యూమినియంలోకి వెళ్ళే బోల్టుకి ఇంకా తగ్గాలి. బ్యాంజో బోల్టుకి ఈ లెక్క అసలు వర్తించదు, ఎందుకంటే దాని మధ్యలో బోలు, పక్కన అడ్డంగా కన్నం. డీజిల్ పోవడానికి కడుపు ఖాళీ చేసిన బోల్టు అది. అదే సైజు గట్టి బోల్టుకి వేసే బలం దీనికి వేస్తే అడ్డ కన్నం దగ్గర తెగుతుంది. తల చేతికి వస్తుంది, మొండెం హౌసింగ్‌లో ఉండిపోతుంది.

బిగింపు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మీరు స్పానర్ మీద పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం దాకా మరల్లో రాపిడికి పోతుంది. బోల్టుని సాగదీసి రెండు ముక్కల్ని నొక్కి పట్టేది మిగిలిన పది శాతమే. అందుకని రాపిడి కొంచెం మారినా నొక్కుడు చాలా మారిపోతుంది. పొడిగా బిగించాలని రాసిన బోల్టుకి ఆయిల్ పూసి అదే అంకెకి బిగిస్తే అది అనుకున్నదానికన్నా బాగా ఎక్కువ సాగుతుంది. తుప్పు పట్టిన మరల్లో బిగిస్తే దీనికి తిరగబడుతుంది. రెంచి టక్కుమంటుంది, బోల్టు మాత్రం ఇంకా నొక్కనే లేదు, బలమంతా తుప్పు తినేసింది. మన ప్రాంతంలో ఈ రెండోది చాలా ఎక్కువ. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలి, చెరువుల దగ్గర ఉప్పు నీళ్ళ తుంపర, వానాకాలం నాలుగు నెలలూ ఆరని బురద. కారు అడుగున బోల్టు అయిదారేళ్ళకే గోధుమ రంగు ముద్దలా తయారవుతుంది. అలాంటిది ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. విప్పాక వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, తుడిచి, చేత్తో చివరిదాకా తిరుగుతోందో లేదో చూసి అప్పుడు రెంచి పెట్టండి. చేత్తో తిరగని బోల్టుకి టార్క్ అంకె చెప్పుకోవడంలో అర్థం లేదు.

టార్క్ రెంచి కొనాలా అంటే, ఇంట్లో పని చేసుకునే అలవాటు ఉంటే కొనండి. కానీ చక్రాల నట్లకి వాడే 40 నుంచి 200 దాకా ఉండే పెద్దది ఫ్యూయల్ పనికి పనికిరాదు. 5 నుంచి 25, లేదా 10 నుంచి 60 లోపు ఉండేది చిన్నది చూడండి. ఏ రెంచి అయినా దాని కొలత కింది చివర్లో నమ్మకంగా ఉండదు. టక్కుమన్నాక ఆపేయండి. ఖాయం చేసుకుందామని రెండోసారి, మూడోసారి టక్కుమనిపించే అలవాటు చాలామందికి ఉంది, ప్రతిసారీ కాస్త ఎక్కువ బిగుస్తుంది. దాంతో బోల్టులు విప్పకండి. పని అయ్యాక కొలత కిందికి దింపి పెట్టె లోపల పెట్టండి, లోపలి స్ప్రింగు అలసిపోదు.

రెంచి లేకపోతే మన దగ్గర ఇంకో దారి ఉంది. చేపలు, రొయ్యలు తూచే కొక్కెం కాటా ప్రతి చెరువు దగ్గరా ఉంటుంది. బోల్టుకి రింగు స్పానర్ పెట్టండి. బోల్టు మధ్య నుంచి సరిగ్గా 25 సెంటీమీటర్ల దూరంలో స్పానర్ మీద గుర్తు పెట్టి, అక్కడ గట్టి తాడు కట్టి, కాటా కొక్కెం తగిలించండి. స్పానర్‌కి లంబంగా, నెమ్మదిగా లాగండి. కాటా మీద 8 కిలోలు వచ్చిందంటే 8ని 9.8తో, దాన్ని 0.25తో గుణించండి, 19.6. అంటే సుమారు 20 న్యూటన్ మీటర్లు. 10 కిలోలు వస్తే 24.5. స్పానర్ అంత పొడుగు లేకపోతే 20 సెంటీమీటర్ల దగ్గర కట్టి లెక్క మార్చుకోండి. ఏటవాలుగా లాగితే లెక్క తప్పుతుంది, అదొక్కటే జాగ్రత్త. మా షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్ళకి మొదటి వారం ఇదే చేయిస్తాను. 10 కిలోల లాగుడు అంటే చేతికి ఎంత తక్కువగా ఉంటుందో తెలిశాక వాళ్ళు స్పానర్ పట్టుకునే తీరే మారిపోతుంది. అంత తక్కువా అని ఆశ్చర్యపోతారు. అవును, అంతే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1998లో భీమవరంలో ఒక షెడ్డులో పని నేర్చుకునేవాణ్ణి. ఒక జీపుకి ఫిల్టర్ హౌసింగ్ దగ్గర ఇలాగే చెమ్మ. నేను బిగించాను, ఆగలేదు. ఇంకా బిగించాను. చివరికి స్పానర్‌కి జానెడు పైపు తొడిగి లాగాను. బోల్టు ఒక్క క్షణం బిర్రుగా ఉండి, ఆ తర్వాత వెన్నలో తిరిగినట్టు మెత్తగా తిరిగిపోయింది. ఆ మెత్తదనం అరచేతికి ఇప్పటికీ గుర్తుంది. విప్పి చూస్తే బోల్టు మరల మధ్య అల్యూమినియం తీగలు తీగలుగా చుట్టుకుని వచ్చింది. బండి ఆయన పెళ్ళివారిని తీసుకెళ్ళాల్సిన రోజు అది. హౌసింగ్ దొరక్క రాజమండ్రి నుంచి తెప్పించేసరికి రెండు రోజులు పట్టింది. కొత్త హౌసింగ్ బిగించేటప్పుడు మేస్త్రీ వాషర్లు మార్చి, స్పానర్‌ని మూడు వేళ్ళతో లాగి వదిలేశాడు. చుక్క కారలేదు.

అందుకే నా షెడ్డులో ఫ్యూయల్ లైన్ల దగ్గర గాలి గన్ను వాడనివ్వను, స్పానర్‌కి పైపు తొడగనివ్వను.

బ్యాంజో ఒక్కటే కాదు, బండిలో ఫ్యూయల్ కలిసే చోట్లు రకరకాలు. బిగించే ముందు ఆ జాయింటులో డీజిల్‌ని ఆపేది ఏమిటో తెలుసుకోండి. కోను ఆకారపు మూతి ఉన్న పైపు నట్టు (ఇంజెక్టర్ పైపులు వేరు, వాటి సంగతి కింద) అయితే లోహం లోహంలో కూర్చోవడం వల్ల ఆగుతుంది. అది లీకైతే ఒకసారి వదులు చేసి, పైపు నిటారుగా పెట్టి, చేత్తో చివరిదాకా తిప్పి, మళ్ళీ బిగించండి. కోను మీద గాటు పడితే పైపు మార్చడమే. ఓ రింగు (O ఆకారపు రబ్బరు సీలు) ఉన్న చోట రింగు వల్ల ఆగుతుంది. బోల్టు ఎంత బిగించినా తెగిన రింగు అతుక్కోదు. నొక్కగానే టిక్కుమని పట్టుకునే ప్లాస్టిక్ కనెక్టర్‌కి బిగింపే లేదు, పెట్టాక వెనక్కి లాగి చూడాలి. ఫిల్టర్ అడుగున నీళ్ళు తీసే ప్లాస్టిక్ స్క్రూ చేత్తోనే తిప్పాలి, ప్లయర్ పెట్టకూడదు. తిప్పి పెట్టే డబ్బా ఫిల్టర్ అయితే రబ్బరుకి కాస్త శుభ్రమైన డీజిల్ రాసి, రబ్బరు తగిలాక పెట్టె మీద రాసినన్ని చుట్లు చేత్తో తిప్పితే చాలు.

వీటిలో దేనికీ టెఫ్లాన్ టేపు చుట్టకండి, సిలికాన్ గమ్ము పూయకండి. కొళాయి పైపులో మరల దగ్గర నీళ్ళు ఆగాలి కాబట్టి టేపు పని చేస్తుంది. ఇక్కడ డీజిల్ మరల దగ్గర ఆగదు, వాషర్ దగ్గరో కోను దగ్గరో ఆగుతుంది. టేపు పీలికలు ఊడి లోపలికి పోయి ఇంజెక్టర్ మూతిలో ఇరుక్కుంటాయి. మామూలు సిలికాన్ ఫ్యూయల్‌కి ఉబ్బి ముక్కలవుతుంది. ఒక వ్యాన్‌కి అయిదు చోట్ల టేపు చుట్టి తెచ్చారు. లీకు ఆగలేదు సరికదా, రెండు ఇంజెక్టర్లు బాగుచేయించాల్సి వచ్చింది.

పైపు నట్టు తిప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడండి. ఒకటి హౌసింగ్ పక్కనున్న యూనియన్‌ని (నట్టు ఎక్కే మరల ముక్కని) కదలకుండా పట్టుకోవడానికి, రెండోది నట్టు తిప్పడానికి. ఒక్కదానితో తిప్పితే యూనియన్ కూడా తిరిగి పైపు మెలిపడుతుంది. ఓపెన్ స్పానర్ నట్టు మూలలు తినేస్తుంది. పైపు దూర్చడానికి ఒక పక్క తెరిచి ఉన్న ఫ్లేర్ స్పానర్ ఒకటి కొనిపెట్టుకోండి. అన్ని నట్లూ ముందు చేత్తో సగం ఎక్కించాకే ఏ ఒక్కటైనా బిగించడం మొదలుపెట్టండి. ఒకటి పూర్తిగా బిగించేసి రెండోదాని దగ్గరికి పైపుని వంచి లాగితే, మొదటి జాయింటు వంకరగానే నలుగుతుంది. మర ఎక్కించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి, టక్కున ఒక మెట్టు దిగినట్టు తెలుస్తుంది, అక్కడి నుంచి ముందుకి తిప్పండి. అడ్డమర పడదు.

ఇప్పుడు ఇంజెక్టర్ పైపుల సంగతి. మీ కారు టైర్లో గాలి సుమారు 2.2 బార్. కామన్ రైల్‌లో ఇంజన్ బరువు లాగుతున్నప్పుడు డీజిల్ 1600 బార్ దాకా పోతుంది, కొన్నిటిలో 2000. టైరుకి ఏడు వందల రెట్లు. ఆ ఒత్తిడిలో జుట్టంత చీలిక లోంచి వచ్చే డీజిల్ కంటికి పొగలా కూడా కనిపించకపోవచ్చు, చర్మాన్ని మాత్రం సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది.

నేను చెప్పిన ఆ మనిషి ఒక చెరువు దగ్గర జనరేటర్ చూసుకునేవాడు. అది పాత రకం పంపు, దానిలో ఒత్తిడి ఇంతకన్నా చాలా తక్కువ. ఇంజన్ నడుస్తుంటే ఎక్కడ కారుతోందో తెలుసుకోవడానికి బొటనవేలితో పైపు తడిమాడు. వేలి మీద ఎర్ర చుక్క ఒక్కటే, ముల్లు గుచ్చుకున్నట్టు, నొప్పి కూడా పెద్దగా లేదు. నేను ఆ సాయంత్రం జనరేటర్ చూడటానికి వెళ్ళినప్పుడు ఆ చుక్క నాకు చూపించాడు. రాత్రికి చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేసి లోపల పట్టిన డీజిల్ తీశారు. వేలు దక్కింది కానీ పూర్తిగా ముడవలేడు. అప్పుడు నాకు ఇంత తెలియదు, తెలిసి ఉంటే ఆ సాయంత్రమే బండి ఎక్కించి తీసుకెళ్ళేవాణ్ణి. డీజిల్ చర్మంలోకి దూరిందని అనుమానం వస్తే నొప్పి కోసం ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళి, హై ప్రెషర్ డీజిల్ లోపలికి పోయిందని ఆ మాటే చెప్పండి. చూడటానికి చిన్న గాయంలా ఉంటుంది కాబట్టి చెప్పకపోతే పైన మందు రాసి పంపించేస్తారు.

లీకు చూడాలంటే అట్టముక్క వాడండి. దూరం నుంచి పైపు దగ్గరికి జరిపితే అట్ట మీద తడి పడుతుంది. పాత డీజిల్ ఇంజన్లలో సెల్ఫ్ కొడుతూ ఇంజెక్టర్ నట్టు వదులు చేసి గాలి తీసేవాళ్ళం. కామన్ రైల్‌కి అది ఎప్పుడూ చేయకండి. ఇంజన్ ఆపాక కూడా రైల్లో ఒత్తిడి దిగడానికి టైము పడుతుంది. మాన్యువల్ కొన్ని నిమిషాలు అంటుంది, నేను అరగంట ఆగుతాను. ఒకసారి విప్పిన హై ప్రెషర్ పైపుని చాలా కంపెనీలు మళ్ళీ వాడవద్దంటాయి, ఎందుకంటే దాని కోను అప్పటికే ఒక ఆకారానికి నలిగి ఉంటుంది. ఇంజెక్టర్ పట్టీ బోల్టులు కొన్ని బండ్లలో టార్క్ తర్వాత ఇంకా ఇన్ని డిగ్రీలు తిప్పాలని రాస్తారు, అవి సాగే బోల్టులు, విప్పితే కొత్తవి వేయాలి. పనిలో పనిగా బిగించేద్దాం అనుకునే చోటు కాదు అది.

ఫిల్టర్ బిగించాక గాలి తీయడం మీకు అవసరమే. డీజిల్ పైపు మీద చేత్తో నొక్కే రబ్బరు బంతి ఉంటే అది గట్టిపడేదాకా నొక్కండి. ట్యాంకులో పంపు ఉన్న బండి అయితే తాళం ఆన్ చేయగానే వెనక నుంచి గుయ్యిమని శబ్దం వస్తుంది. ఆన్ చేసి, ఆగి, ఆఫ్ చేసి అలా నాలుగైదు సార్లు చేయండి. డీజిల్ అందకుండా సెల్ఫ్ కొడుతూ కూర్చోవద్దు, హై ప్రెషర్ పంపుకి ఆయిల్ ఆ డీజిలే, ఎండిపోతే అరిగిపోతుంది. ఇంకో సంగతి. రబ్బరు బంతి ఉన్న బండ్లలో ఫిల్టర్ దాకా డీజిల్ లాగుడు మీదే వస్తుంది. అక్కడ జాయింటు సరిగా లేకపోతే ఇంజన్ నడుస్తున్నంతసేపూ చుక్క కూడా బయటికి కారకుండా గాలే లోపలికి పోతుంది. పొద్దున్నే స్టార్టింగు ఇబ్బంది పెడుతుంది, మధ్యలో ఊగుతుంది. చెమ్మ లేదు కదా అని ఇంజెక్టర్లు మార్పించుకున్న వాళ్ళున్నారు. తీరా చూస్తే 15 రూపాయల వాషర్.

పెట్రోలు బండ్ల వాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. పెట్రోలు ఆవిరికే అంటుకుంటుంది. విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపి, ఒత్తిడి దించండి. మూసిన పోర్టికోలో చేయకండి, మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ పక్కన పెట్టుకోండి. ఇంజెక్టర్ ఓ రింగులకి చుక్క శుభ్రమైన ఆయిల్ రాసి, ఫ్యూయల్ రైల్‌ని రెండు చేతులతో సమంగా నొక్కి పూర్తిగా కూర్చోబెట్టి, ఆ తర్వాతే బోల్టులు పెట్టండి. బోల్టు బిగించి రైల్‌ని కిందికి లాగుదామనుకుంటే రింగు మడత పడి తెగుతుంది.

గోదావరి వరద వచ్చిన ఏడాది లంకల్లోంచి ఒక కారు తెచ్చారు, ట్యాంకులోకి నీళ్ళు పోయాయి. మాకన్నా ముందు ఎవరో పంపు మూత రింగుని ఇనప స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి బిగించారు. రింగు పళ్ళు రెండు విరిగాయి, లోపలి సీలు పెట్రోలుకి ఉబ్బి గాడిలో పట్టక మడత పడింది. ట్యాంకు నిండా పోస్తే వాసన, సగం ఉంటే ఏమీ ఉండదు. ఆ మూత తీసిన ప్రతిసారీ సీలు కొత్తది వేయాలి. పెట్రోలు ట్యాంకు పక్కన ఇనుము మీద ఇనుము కొట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు. దాన్ని తిప్పే పనిముట్టు దొరుకుతుంది, లేకపోతే చెక్క ముక్క పెట్టి కొట్టండి.

పని అయ్యాక జాయింటుని పొడి గుడ్డతో బాగా తుడిచి, ఇంజన్ పది నిమిషాలు నడిపి ఆపండి. టిష్యూ పేపర్ చుట్టూ అద్ది చూడండి, కంటికి కనపడని చెమ్మ పేపర్ మీద కనపడుతుంది. బోల్టు తల మీద నుంచి హౌసింగ్ మీదకి గోళ్ళ రంగుతో సన్నటి గీత గీయండి. వారం తర్వాత గీత రెండు ముక్కలుగా విడిపోయి ఉంటే బోల్టు కదిలింది, కలిసే ఉంటే కదల్లేదు. గీత కలిసే ఉన్నా చెమ్మ వస్తోందంటే మళ్ళీ బిగించకండి, సీటు చూడాల్సిందే. పైపుని బాడీకి పట్టి ఉంచే చిన్న క్లిప్పులు విప్పి ఉంటే అవి మర్చిపోకుండా తిరిగి పెట్టండి, అవి లేకపోతే పైపు ఊగి ఊగి జాయింటు దగ్గరే చీలుతుంది.

మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆ తర్వాత చించినాడ వంతెన దాటి ఓసారి పాలకొల్లు దాకా వెళ్ళొచ్చాక పేపర్‌తో మళ్ళీ చూడండి. అప్పటికీ తడి వస్తుంటే బోల్టు తీసి, హౌసింగ్ సీటు, పైపు కన్ను, బోల్టు మరలు మూడూ వెలుతుర్లో దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. సీటు మీద గీత గోరుకి తగలకుండా ఉంటే కొత్త వాషర్ దాన్ని మింగేస్తుంది. తగిలితే హౌసింగ్ మార్చాలో, సీటు నున్న చేయించుకుంటే సరిపోతుందో ఫోటో చూసి చెబుతాను.